కోత మిషన్ ఎందుకు తంతుంది?

మా ఎదురింటాయన గోడ అలమరకు తలుపులు తానే చేసుకుంటానని ఒక ప్లై షీటు తెచ్చాడు. వరండాలో రెండు స్టూళ్ళు అటూ ఇటూ వేసి, షీటును వాటి మీద పరిచి, కొత్తగా కొన్న చేతి కోత మిషన్‌తో నడిమధ్యన అడ్డంగా కోయడం మొదలుపెట్టాడు. సగం దాటాక బ్లేడు పట్టేసింది, మిషన్ మూలిగి ఆగిపోయింది. ఆయన స్విచ్ వదిలి మళ్ళీ నొక్కాడు. అంతే, అది గాడిలోంచి లేచి ఆయన తొడ పక్కగా వెనక్కి వచ్చి నేల మీద పడింది. గ్రానైట్ మీద జానెడు గీత పడింది, బ్లేడు పళ్ళు నాలుగు రాలాయి. అదృష్టం బాగుండి మనిషికేమీ కాలేదు. సాయంత్రం కాఫీ తాగుతూ కారణం కూడా ఆయనే చెప్పాడు: "కరెంటు ఒక్కసారిగా ఎక్కువొచ్చిందండీ, అందుకే ఎగిరింది."

ఈ మాట నేను వినడం మొదటిసారి కాదు. వడ్రంగులు అంటారు, మిషన్లు అమ్మే కొట్టువాళ్ళు అంటారు, ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్ళూ అంటారు. అదే వరండాలో అదే లైను మీద పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది కదా, దానికి లేని ఎగురుడు మిషన్‌కే ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు. కరెంటు మాట కాదంటే రెండో మాట సిద్ధంగా ఉంటుంది: "గట్టిగా పట్టుకోవాలండీ, పట్టు జారింది."

పట్టు సంగతే ముందు చూద్దాం. 185 మిల్లీమీటర్ల బ్లేడు వేసుకునే మామూలు మిషన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుందనుకోండి. బ్లేడు అంచు వేగం గంటకు 170 కిలోమీటర్లు దాటుతుంది. వందేభారత్ రైలు పరుగెత్తే గరిష్ఠ వేగం 160. ఏదో తేడాగా ఉందని మన కంటికో చేతికో తెలిసి, మెదడు ఆజ్ఞ ఇచ్చి, వేలు స్విచ్ వదిలేలోపు సెకనులో అయిదో వంతు పోతుంది. ఆలోపు 24 పళ్ళ బ్లేడు మీద సుమారు 400 పళ్ళు ఆ చోటు దాటిపోయి ఉంటాయి. రెండు చేతులతో పట్టుకోవలసిందే, కాదనను. కానీ తన్నిన తర్వాత ఆపడానికి ఆ పట్టు చాలదు. అది తన్నకుండా చూడాలి.

తన్నడమంటే ఏమిటో తెలియాలంటే బురదలో దిగబడ్డ ట్రాక్టరును గుర్తు తెచ్చుకోండి. చక్రం గిర్రున తిరుగుతుంది, బండి కదలదు, చక్రానికి పట్టు లేదు. ఎవరో చక్రం కింద రాయి పెడతారు. పట్టు దొరికిన క్షణంలో బండి ఎగిరి దూకుతుంది. ఇంజను బలం అప్పుడు కొత్తగా పెరగలేదు, చక్రానికి పట్టు దొరికిందంతే. కోత గాడిలో మన బ్లేడు బురదలో చక్రం లాంటిది. పళ్ళ కొసలు బ్లేడు రేకు కంటే కాస్త వెడల్పుగా ఉంటాయి కాబట్టి గాడి కూడా రేకు కంటే వెడల్పుగా పడుతుంది. రేకు చెక్కను తాకకుండా ఖాళీలో తిరుగుతుంది. ఆ ఖాళీ అటొకటి ఇటొకటి అర మిల్లీమీటరో, ఇంకా తక్కువో. మన ప్రాణం, వేళ్ళూ ఆ ఖాళీలోనే ఉన్నాయి.

గాడి మూసుకుపోయిందంటే చక్రం కింద రాయి పెట్టినట్టే. మరి బండి ఎటు దూకుతుంది? ఈ మిషన్‌లో బ్లేడు ముందువైపు పళ్ళు కింది నుంచి పైకి కోస్తాయి. చెక్క వాటిని కిందికి నొక్కుతుంది కాబట్టి మిషన్ పలకకు అతుక్కుని బుద్ధిగా నడుస్తుంది. వెనకవైపు పళ్ళు పై నుంచి కిందికి దిగుతుంటాయి. చెక్క వాటిని పట్టుకుంటే మిషన్ వెనకభాగం పైకి లేస్తుంది. అడుగు పళ్ళు ముందుకు పోతుంటాయి, కాబట్టి మిషన్ వెనక్కి, అంటే మన వైపు దొర్లుతుంది. లేచి వెనక్కి రావడమన్నది దాని తిక్క కాదు, తిరిగే దిశ అది. అందుకే బ్లేడుకు తిన్నగా వెనక నిలబడకూడదు, ఓ పక్కకు జరిగి నిలబడాలి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ. పంచతంత్రం మిత్రభేదంలో మేకు లాగిన కోతి కథ చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. గుడి కడుతున్న చోట వడ్రంగులు సగం చీల్చిన దూలంలో మేకు దిగేసి మధ్యాహ్నం భోజనాలకు వెళ్తారు. కోతి వచ్చి చీలికలో కాళ్ళూ తోకా వేలాడేసి కూర్చుని మేకు ఊడబీకుతుంది. దూలం టక్కున మూసుకుంటుంది. మన పిల్లల పుస్తకాలు తోక నలిగిందని మర్యాదగా రాస్తాయి, సంస్కృత మూలానికి అంత మర్యాద లేదు. తనకు సంబంధం లేని పనిలో తలదూర్చకూడదనే నీతి మనకు మిగిలింది, వడ్రంగం మాత్రం కథలోంచి జారిపోయింది. సంస్కృతంలో ఆ మేకు ఖదిరంది. అంటే చండ్ర మేకు. చండ్ర మహా గట్టి కర్ర. తాంబూలంలో వేసుకునే కాచు దాని చేవలోంచే తీస్తారు. అంత పెద్ద దూలం రెండువైపుల నుంచి నొక్కుతుంటే నలగని మేకు కావాలంటే చండ్రే కావాలి. ఈ కథ అల్లినవాడు రాజకుమారులకు నీతులు చెప్పి ఊరుకున్నవాడు కాదు, ఎప్పుడో దూలం పక్కన కూర్చుని పని చూసినవాడని నా అనుమానం.

కోసిన చెక్కకు మూసుకోవాలనే కోరిక ఉంటుందని ఆ వడ్రంగులకు తెలుసు. ఆ కోరిక రెండు చోట్ల నుంచి వస్తుంది.

ఒకటి చెక్క లోపలి నుంచి. పెరిగే చెట్టులో బయటి పొరలు సాగదీసినట్టుగా, లోపలి చేవ నొక్కిపెట్టినట్టుగా ఉంటాయి. జామాయిల్ దుంగ కొట్టి పడేస్తే చివర్లు నక్షత్రంలా వాటంతటవే విచ్చుకోవడం మీరు చూసే ఉంటారు, ఆ బిగువు అదే. పలకను నిలువునా చీలుస్తుంటే లోపలి బిగువు విడుదలై రెండు ముక్కలూ కొన్నిసార్లు విచ్చుకుంటాయి, కొన్నిసార్లు దగ్గరకు వంగి బ్లేడును పట్టేస్తాయి. చెడ్డ రోజున కొట్టిన చెట్టనీ, కర్రకు దోషముందనీ ఆ పలకను పక్కన పెట్టేవాళ్ళు ఉన్నారు. పక్కన పెట్టడం మంచిదే, తిథి చూసి పెట్టడమే నవ్వొస్తుంది.

రెండోది మనం పెట్టిన ఆధారం నుంచి. ఎదురింటాయన చేసింది ఇదే. ఒక కీరదోసకాయ తీసుకుని రెండు గ్లాసుల మీద వంతెనలా పెట్టండి. నడుమ సగం లోతు వరకు చాకుతో గాటు పెట్టి, చాకు అందులోనే ఉంచి, దోసకాయను నడుమ మెల్లగా కిందికి నొక్కండి. గాటు నోరు మూసుకుని చాకును కరుచుకుంటుంది. ఇప్పుడు రెండు గ్లాసులూ తీసేసి, గాటు కింద ఒక్కటే గ్లాసు పెట్టి, రెండు కొసలూ కిందికి వంచండి. గాటు నోరు తెరుచుకుంటుంది, చాకు ఊడి వస్తుంది. అదే దోసకాయ, అదే చాకు. మారింది గ్లాసుల చోటే. స్టూళ్ళ మీది ప్లై షీటు మొదటి దోసకాయ. కోత నడుస్తున్నకొద్దీ షీటు నడుమ బలం తగ్గుతుంది, తన బరువుకు తానే లోపలికి కుంగుతుంది, పై అంచులు రెండూ బ్లేడు మీదికి వాలతాయి.

కాబట్టి స్విచ్ ముట్టుకునే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పగలగాలి: కోత అయ్యాక ఏ ముక్క ఎటు పడుతుంది? తెగే ముక్క చిన్నదైతే గాలిలో వేలాడనివ్వండి, తెగి కింద పడిపోతుంది. దాన్ని పట్టుకోమని పిల్లవాణ్ణి పక్కన నిలబెట్టవద్దు. వాడు సాయం చేస్తున్నాననుకుని ముక్కను పైకెత్తుతాడు, ఎత్తడమంటే గాడిని మూయడమే. పెద్ద షీటైతే నేల మీద నాలుగు కర్ర బద్దలు పరిచి వాటి మీద వేయండి. గీతకు అటొకటి ఇటొకటి దగ్గరగా, మిగతా రెండూ కొసల దగ్గర. తెగిన తర్వాత కూడా రెండు సగాలూ ఎక్కడివక్కడే పడుకుని ఉండాలి. బద్దలు లేకపోతే కింద మందపాటి థర్మాకోల్ షీటు వేసినా చాలు, బ్లేడు కొస అందులో కాస్త దిగితే నష్టమేమీ లేదు. నష్టమల్లా తెల్ల పూసలు ఇల్లంతా ఎగరడం, వారం రోజులు ఇంట్లో మాటలు పడటం.

ఇక మేకు. కొన్ని మిషన్లకు బ్లేడు వెనకే, దాని వంపునే అనుసరిస్తూ ఒక సన్నని ఉక్కు రేకు నిలబడి ఉంటుంది. బ్లేడు రేకు కంటే మందం, కోత గాడి కంటే సన్నం. బ్లేడు తెరిచిన గాడిలోకి అది వెంటనే దిగుతుంది, చెక్క మూసుకుందామంటే అడ్డం నిలుస్తుంది. మనతోపాటే నడిచే చండ్ర మేకు అది. యూరప్ కోసం చేసిన మోడళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది, అమెరికాలో అమ్మే చిన్న మిషన్లలో చాలావాటికి ఉండదు. నన్ను బాధపెట్టేది ఏమిటంటే, ఆ రేకు ఉన్న మిషన్ కొని, అడ్డమొస్తోందని మొదటిరోజే స్క్రూడ్రైవర్‌తో ఊడదీసి డబ్బాలో పడేసేవాళ్ళున్నారు. కథలో ఆ పని చేసిందెవరో మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఆ రేకు లేని మిషనైతే, పొడవాటి కోతల్లో మూరెడు కోయగానే ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచాక, వెనక గాడిలో చిన్న చెక్క చీలిక దూర్చండి. విష్ణుశర్మ నాటి సాంకేతికత, ఇప్పటికీ పనిచేస్తుంది.

అన్నట్టు ఈ మిషన్ పుట్టింది చెక్క కోయడానికి కాదు, చెరకు కొట్టడానికి. 1920ల మొదట్లో అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో ఎడ్మండ్ మిషెల్ అనే ఆయన చెరకు కత్తికి మోటారు తగిలించాడు. ఆ ఆలోచనే రంపానికి మారి, 1924లో దానికోసం ఒక కంపెనీ పుట్టింది. అనకాపల్లి వైపు చెరకు కొట్టేవాళ్ళు చూస్తే నవ్వుకుంటారేమో గానీ, చెరకుతో ఒక సుఖముంది. గడ తెగీతెగగానే పక్కకు వాలిపోతుంది. కత్తిని పట్టుకోవడం దానికి రాదు.

లోతు సంగతి త్వరగా చెప్పేస్తాను. బ్లేడు పలక అడుగున ఒక పన్ను ఎత్తుకు మించి కనపడకూడదు. 18 మిల్లీమీటర్ల ప్లైకి బ్లేడు మొత్తం దించితే, కింద ఎవరికీ కనపడకుండా తిరిగే ఆ మిగతా బ్లేడు మన తొడ కోసమో, పలక అడుగున పట్టుకున్న ఎడమచేతి వేళ్ళ కోసమో చూస్తుంటుంది. పళ్ళు కింది నుంచి పైకి వస్తాయన్నాను కదా, చెక్క పెచ్చులు లేచేది పైవైపే. మైకా అంటించిన షీటైతే మంచి ముఖం కిందికి పెట్టి కోయండి.

అడుగు గార్డు మీద మాత్రం వడ్రంగులకూ నాకూ పాత తగాదా. స్ప్రింగు మీద దానంతటదే మూసుకునే ఆ గార్డును తీగతో కట్టేస్తారు, లేదా అట్టముక్క దోపుతారు. ఎదురింటాయన మిషన్‌లో మడిచిన అగ్గిపెట్టె ఉంది. గ్రానైట్ మీద గీత పడింది అందుకే. అదే మూసుకుని ఉంటే నేలకు తగిలేది గార్డు, పళ్ళు కాదు. "గార్డుంటే గీత కనపడదు సార్" అని ఒక మేస్త్రి నాతో అన్నాడు. నిజమే, వాలుకోత మొదలుపెట్టేటప్పుడూ, సన్న బద్ద చివర తీసేటప్పుడూ అది నిజంగానే అడ్డుపడుతుంది. దానికోసమే గార్డుకు చిన్న పిడి ఇస్తారు. కోత మొదట్లో వేలితో ఎత్తి, బ్లేడు చెక్కలో దిగగానే వదిలేయడమే. దసరా నాడు ఆ మేస్త్రి మిషన్‌కు పసుపూ కుంకుమా పెట్టి నిమ్మకాయ కట్టాడు. నిమ్మకాయ కట్టింది గార్డును బిగించిన ఆ తీగకే.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం మన ఊళ్ళలో అసలు కోత మిషనే కాదు, మార్బుల్ కట్టర్. రాయి కోయడానికి చేసిన నాలుగంగుళాల కట్టర్‌కు చెక్క బ్లేడు బిగించి కప్‌బోర్డు పనులన్నీ దానితోనే కానిచ్చేస్తారు. తేలిక, చవక, ఒక చేత్తో పడుతుంది. అది నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతుంది, అంచు వేగం గంటకు 250 కిలోమీటర్ల దరిదాపు. రాతి బ్లేడుకు పళ్ళుండవు, అరగదీస్తుంది, కాబట్టి అడుగున మూసుకునే గార్డు దానికి పెట్టలేదు. పళ్ళున్న బ్లేడు వేయగానే ఆ లెక్క మారిపోతుంది. పైగా స్విచ్ నొక్కి లాక్ చేసే బటన్ ఉంటుంది, చేతిలోంచి జారినా తిరుగుతూనే ఉంటుంది. తప్పనిసరై వాడితే ఆ బటన్ జోలికి పోకండి, బ్లేడు మీద అచ్చేసిన గరిష్ఠ చుట్ల సంఖ్య మిషన్ చుట్ల కంటే ఎక్కువుందో లేదో చూడండి. ఇక గ్రైండర్‌కు చెక్క బ్లేడు వేయడం గురించి నేను మాట్లాడను.

కళ్ళద్దాలు, చెవులకు దూది కాకుండా సరైన మూతలు, ముక్కుకు మాస్కు, బ్లేడు మార్చేముందు ప్లగ్గు పీకడం, లుంగీ మీదా భుజాన తువ్వాలుతోనూ కోయకపోవడం, మొద్దుబారిన బ్లేడును బలంతో తోయకపోవడం. ఇవి తెలియనివాళ్ళు లేరు.

తెలియనిది, పట్టేసిన తర్వాత ఏం చేయాలో. స్విచ్ వదిలేసి మిషన్‌ను ఉన్నచోటే కదలకుండా ఉంచాలి. తిరుగుతున్న బ్లేడును పైకి ఎత్తకూడదు, వెనక్కి లాగకూడదు. పూర్తిగా నిలిచాక ప్లగ్గు తీసి, ఎక్కడ కుంగిందో చూసి కింద బద్ద పెట్టాలి, గాడిలో మేకు దూర్చాలి. మళ్ళీ ప్లగ్గు పెట్టాక మిషన్‌ను వేలెడు వెనక్కి జరిపి, ఏ పన్నూ చెక్కను తాకకుండా గాడి మధ్యలో నిలిపి, అప్పుడు స్విచ్ నొక్కాలి. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే ముందుకు. ఎదురింటాయన రెండోసారి స్విచ్ నొక్కినప్పుడు షీటు ఇంకా కుంగే ఉంది, బ్లేడు రెండువైపులా చెక్క పట్టులోనే ఉంది. మోటారు తిరగాలి, బ్లేడుకు తిరగడానికి చోటు లేదు. అందుకని మిషనే తిరిగింది.