టైఫాయిడ్‌కు పాత మందు ఎందుకు పనిచేయడం లేదు?

కోచింగ్ కోసం జిల్లా నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఇరుకు గదిలో ఉండే విద్యార్థికి జ్వరం వస్తే, చాలాసార్లు మొదట వెళ్లేది మెడికల్ షాపుకే. అక్కడ మూడు రోజులకు సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్లలు ఇస్తారు. జ్వరం కాస్త తగ్గితే బిళ్లలు ఆగిపోతాయి. అది టైఫాయిడ్ అయితే అసలు సమస్య అప్పుడే మొదలవుతుంది.

టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీ మలంతో కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా పేగుల్లోకి, అక్కడి నుంచి రక్తంలోకి చేరుతుంది. ఒకప్పుడు దీనికి క్లోరాంఫెనికాల్ మందు. అది లొంగదీయలేని రోజు వచ్చాక సిప్రోఫ్లాక్సాసిన్ వాడారు. ఇప్పుడు మన దేశంలో చాలా కేసుల్లో అదీ పనిచేయడం లేదు. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ మిగిలాయి. 2016లో పాకిస్తాన్ సింధ్‌లోని మరో హైదరాబాద్‌లో సెఫ్ట్రియాక్సోన్‌కూ లొంగని టైఫాయిడ్ బయటపడింది. అక్కడ బిళ్లల రూపంలో మిగిలిన మందు అజిత్రోమైసిన్ ఒక్కటే.

తప్పంతా కోర్సు పూర్తి చేయని రోగిదేనా? 2007లో వెలువడిన అధ్యయనం కోసం స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. అలాంటి నీటిలో మందుకు తట్టుకునే బ్యాక్టీరియాలే బతుకుతాయి.

భారం మాత్రం అందరిపై సమానంగా పడదు. మురుగు పైపు పక్కనే మంచినీటి పైపు పగిలేది బస్తీల్లో. 2013 చట్టం నిషేధించినా ఆ మురుగులోకి దిగేది ఎక్కువగా దళితులే. పది రోజులు మంచం పడితే కూలీ పోతుంది, విద్యార్థికి పరీక్ష పోతుంది.

అందుకే కొన్ని విషయాలు గుర్తుంచుకుందాం. మూడు రోజులు దాటిన జ్వరానికి డాక్టర్‌ను కలవాలి. వైడాల్ పరీక్ష ఒక్కటే నమ్మదగింది కాదు, పాత ఇన్ఫెక్షన్‌కూ పాజిటివ్ చూపవచ్చు. యాంటీబయాటిక్ వేసుకోకముందే బ్లడ్ కల్చర్ చేయిస్తే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. సరైన మందు వాడినా జ్వరం తగ్గడానికి నాలుగైదు రోజులు పట్టవచ్చు, కంగారుపడి మందు మార్చవద్దు. కడుపులో తీవ్రమైన నొప్పి, మలంలో రక్తం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. నల్లకుంటలో ప్రభుత్వ ఫీవర్ ఆసుపత్రి ఉంది.

టైఫాయిడ్ కాంజుగేట్ టీకా తయారయ్యేది మన నగరంలోనే. అది బస్తీ పిల్లలకు ఉచితంగా అందాలి. బస్తీ దవాఖానాల్లో బ్లడ్ కల్చర్‌కు రక్తం తీసుకునే ఏర్పాటు ఉండాలి. కుళాయిలో శుభ్రమైన నీళ్లు రావాలి. ఇవి దయగా అడిగేవి కావు, మన హక్కులు.