ఒకే కంప్యూటరులో రెండు వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్లు: పాత తెలుగు ఫైళ్ళ సమస్య

చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల చరిత్రను పరిశోధించేవారికి నేడు ఆధారాలు రెండు రూపాల్లో చేతికందుతాయి. ఒకటి, బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో వెలువరించిన నెల్లూరు జిల్లా శాసన సంపుటాల వంటి గ్రంథాల స్కాన్ ప్రతులు. రెండవది, యూనికోడ్ వ్యాప్తికి ముందు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన సిద్ధాంతగ్రంథాలు, గ్రామచరిత్రలు. ఆ ఫాంట్లలో తలకట్టు, గుణింతపు గుర్తు, వత్తు విడివిడి ముక్కలై లాటిన్ అక్షరాల స్థానాల్లో ఉంటాయి. ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే కనిపించేది అర్థంలేని గుర్తుల వరుసే.

అందువల్ల పలువురు వర్చువల్‌బాక్స్‌లో పాత విండోస్ ఎక్స్‌పీని నెలకొల్పి, అందులో ఈ ఫైళ్ళను తెరుస్తారు. స్కాన్ పుటలను పాఠంగా మార్చే టెసరాక్ట్ కోసం విండోస్‌లోనే లినక్స్‌ను, అంటే డబ్ల్యూఎస్ఎల్ రెండవ రూపాన్ని, చేర్చుకుంటారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నిన్నటిదాకా చురుకుగా నడిచిన ఎక్స్‌పీ నేడు ఒక పుట తిప్పడానికి నిమిషాలు తీసుకుంటుంది. కిటికీ అడుగున ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తుంది. మన నత్తనడక అక్కడ తాబేలునడక అయిందన్నమాట.

కారణం ప్రాసెసరులో ఉంది. ఇంటెల్ 2005లో వీటీ-ఎక్స్‌ను, ఏఎండీ మరుసటి ఏడాది ఏఎండీ-వీని ప్రవేశపెట్టాయి. వీటితో లభించే సర్వాధికార స్థానం ఒక్కటే. అందులో కూర్చునే హైపర్‌వైజరూ ఒక్కటే. వర్చువల్‌బాక్స్, వీఎమ్‌వేర్ రెండూ ఒకే యంత్రంలో ఉన్నా బాధ లేదు. ఒకదానిని మూసి మరొకదానిని తెరిస్తే చాలు. హైపర్-వీ తీరు వేరు. కంప్యూటరు మొదలైన క్షణం నుండీ అది విండోస్‌కూ అడుగున ఉంటుంది. డబ్ల్యూఎస్ఎల్ రెండవ రూపం దానిపైనే ఆధారపడుతుంది. 2018లో వచ్చిన వర్చువల్‌బాక్స్ 6.0, 2020లో వచ్చిన వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్ 15.5.5 హైపర్-వీతో సహజీవనం నేర్చుకున్నాయి గాని, ప్రాసెసరును నేరుగా అందుకోలేక దాని ద్వారా నడుస్తాయి. మందగమనం అందువల్లనే.

‘విండోస్ ఫీచర్స్’లో హైపర్-వీని, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్‌ను, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్‌ను తొలగించి కంప్యూటరును మళ్ళీ ప్రారంభించడం ఒక మార్గం. అప్పటికీ తాబేలు పోకపోతే కోర్ ఐసొలేషన్‌లోని మెమరీ ఇంటిగ్రిటీని చూడాలి. విండోస్ 11తో వచ్చే కొత్త కంప్యూటర్లలో అది తరచుగా ముందే పనిచేస్తూ ఉంటుంది. అయితే అది భద్రతా కవచం. పాత ఫైలు కోసం దాన్ని శాశ్వతంగా తీసివేయడం సమంజసం కాదు. నిజానికి టెసరాక్ట్‌కు లినక్స్ తప్పనిసరి కాదు; విండోస్‌లో నేరుగా పనిచేస్తుంది. డబ్ల్యూఎస్ఎల్ మొదటి రూపానికి హైపర్-వీ అవసరమే లేదు. పోటీదారులలో ఒకరిని ఇలా తప్పించడమే మేలు.

మార్పులకు ముందు ఎక్స్‌పీని ‘సేవ్ స్టేట్’లో వదలక పూర్తిగా షట్‌డౌన్ చేయాలి, ఒక స్థితిలో నిలిపిన యంత్రం మరో హైపర్‌వైజర్ కింద లేవకపోవచ్చు. ఒకే డిస్కు ఫైలును రెండు సాఫ్ట్‌వేర్లలో ఏకకాలంలో తెరవరాదు. డిస్కు చెడితే అందులోని సిద్ధాంతగ్రంథమూ పోతుంది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది గనుక దాని ఇంటర్నెట్ లంకెను తెంచి, ఫైళ్ళను షేర్డ్ ఫోల్డరు ద్వారానే బయటికి తేవాలి.