పీచు మంచిదే, నమిలి తింటేనే

ఎండాకాలం వచ్చిందంటే మోండా మార్కెట్ నుండి మామిడిపండ్లు తెచ్చుకోని ఇల్లు మనలో అరుదు. బంగినపల్లి అయితే ముక్కలు కోసుకుంటాము. రసాలను మెత్తగా పిసికి జుర్రుకుంటాము, వాటిలో పీచు ఎక్కువ కాబట్టి. మునగకాయ నమిలి ఊసే పిప్పి, చిక్కుడుకాయ ఈనె, అరటిదూట తరిగేటప్పుడు వేలికి చుట్టుకునే దారాలు, గోగు కాడ నుండి తీసే నార, ఇవన్నీ ఒక్క జాతివే. మొక్కకు బలాన్నిచ్చేది ఈ పోగులే.

మాంసంలోనూ పోగులుంటాయి గాని అవి వేరు. కండను ఎముకకు కట్టి ఉంచే తెల్లని గట్టి భాగంలో కొల్లాజెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. సన్నని సెగపై గంటల తరబడి ఉడికిస్తే అది కరిగి జిగురవుతుంది. పాయా చల్లారితే గడ్డకట్టేది అందుకే. మునగ పిప్పి ఎంత ఉడికించినా అలా కరగదు. అందులోని సెల్యులోజ్‌ను అరిగించే జీర్ణరసాలు మన శరీరంలో లేవు.

"అరగని దానితో లాభమేమిటి సిస్టర్?" అని పేషెంట్లు అడుగుతుంటారు. పీచు నీటిని పట్టి ఉంచి విరేచనం సాఫీగా అయ్యేటట్లు చేస్తుంది. కొన్ని రకాల పీచు భోజనం తరువాత రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా చూస్తుంది. 1918లో కూనూరులో మొదలై 1958లో మన జంటనగరాలకు తరలివచ్చిన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, 2000 క్యాలరీల ఆహారంలో సుమారు 30 గ్రాముల పీచు ఉండాలని సూచిస్తోంది. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఉండేది 3 గ్రాముల లోపే. జొన్నల్లో సుమారు 10, రాగుల్లో సుమారు 11 గ్రాములు ఉంటుంది.

అయితే మేము నేర్చుకున్న పాఠం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం కడుపు ఆపరేషన్ అయిన ఒక పెద్దాయనను ఇంటికి పంపుతూ, అందరికీ చెప్పినట్లే "పీచు బాగా తినండి" అన్నాము. నోట్లో పళ్లున్నాయా అని చూడలేదు. కొన్ని వారాలకు వాంతులతో, ఉబ్బిన పొట్టతో తిరిగి వచ్చారు. నమలకుండా మింగిన పీచు ఉండకట్టి పేగుకు అడ్డుపడింది. ఆయన కోలుకున్నారు గాని, ఆ తప్పు మాదే. అప్పటి నుండి డిశ్చార్జి రోజున ముందు పళ్ల సంగతి అడుగుతున్నాము.

ఇంట్లో పళ్లు లేని పెద్దలుంటే మామిడిరసం వడగట్టి ఇవ్వండి. మునగకాయ గుజ్జును చెంచాతో గీకి పెట్టండి. చిక్కుడు, బీన్స్ ఈనెలు తీసి మెత్తగా ఉడికించండి. కడుపు, పేగు ఆపరేషన్ అయినవారు ఏది ఎప్పుడు తినవచ్చో డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి. మిగిలినవారు పీచును ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా పెంచుకోండి, దానికి తగినట్లు మంచినీళ్లు తాగండి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరం వచ్చి, గాలి, విరేచనం ఆగిపోతే విరేచనాల మందు వేసి ఇంట్లో ఉంచకండి. అది రాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.