కట్లపాము కాటు: కదలని రోగికి వినిపించే మాట

వానాకాలంలో నేలపై నిద్రించే కుటుంబాలకు కట్లపాము భయం కొత్తది కాదు. అయితే కాటుకు గురై వెంటిలేటరుపై ఉన్న రోగి బతికి బయటపడటానికి విరుగుడు మందు ఒక్కటే చాలదనీ, రేయింబవళ్ళు పక్కన నిలిచే నర్సుల శుశ్రూష కూడా అంతే అవసరమనీ చాలామందికి తెలియదు. ఐ.సి.యు. తలుపు అవతల జరిగేది అర్థం కాక, ఆశ వదులుకొని, రోగిని మధ్యలోనే ఇంటికి తీసుకుపోయేవారు ఉన్నారు. కోలుకోగల మనిషి అలా ప్రాణం కోల్పోయే ప్రమాదం ఉంది.

విషం చేసే పని

కట్లపాము సాధారణంగా రాత్రివేళ కాటు వేస్తుంది. నొప్పి, వాపు అంతగా ఉండవు. కొన్నిసార్లు కోరల గాట్లు కూడా కనిపించవు. కొందరిలో మొదట కడుపునొప్పి, వాంతులు వస్తాయి. తరువాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది, చివరకు ఊపిరి అందదు. నరం నుంచి కండరానికి ఆజ్ఞ చేరే చోటును ఈ విషం దెబ్బతీస్తుంది. రక్తంలో ఉన్న విషాన్ని విరుగుడు మందు అణచగలదు గాని, అప్పటికే చెడిపోయిన నరాల కొసలను బాగుచేయలేదు. అవి కోలుకోవడానికి రోజులు, ఒక్కొక్కసారి వారాలు పడుతుంది. అంతవరకు యంత్రమే ఊపిరిని నడపాలి.

ఈ పద్ధతికి ఒక చరిత్ర ఉంది. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో ప్రబలినప్పుడు, వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ సూచనపై, రోగుల గొంతులో గొట్టం అమర్చి, చేతితో సంచిని నొక్కుతూ ఊపిరి అందించారు. సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా ఈ పని చేశారు. నేటి ఐ.సి.యు.లకు అదే నాంది అయింది.

నర్సు బాధ్యత

యంత్రం గంట మోగించగలదు. మోగిన కారణాన్ని కనిపెట్టి సరిచేయవలసింది నర్సు. గొట్టంలో కఫం అడ్డుపడినా, గొట్టం జారినా నిమిషాలలో ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత ఆమె తరచుగా కఫం తీస్తుంది. నాడి, రక్తపోటు, రక్తంలోని ఆక్సిజన్, మూత్రం పరిమాణం గమనించి నమోదు చేస్తుంది. విరుగుడు మందు ఎక్కుతున్నప్పుడు దద్దుర్లు, వణుకు, రక్తపోటు పడిపోవడం వంటివి కనిపిస్తాయేమోనని కనిపెట్టి ఉంటుంది.

ఊపిరితిత్తులకు చీము పట్టకుండా పడక తలభాగాన్ని 30 నుంచి 45 డిగ్రీల ఎత్తున ఉంచి, నోటిని శుభ్రపరుస్తుంది. పడక పుండ్లు రాకుండా సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతుంది. రెప్పలు పూర్తిగా మూసుకోని కళ్ళు ఎండిపోకుండా మందు వేస్తుంది. రోగి తనంతట తాను చేసుకోలేని ప్రతి పనినీ ఆమె చేస్తుంది.

స్పృహ ఉంది, కదలిక లేదు

కుటుంబం ముఖ్యంగా తెలుసుకోవలసింది ఇదే. ఈ రోగి కన్ను తెరవలేడు, వేలు కదపలేడు. కంటిపాప కూడా వెలుతురుకు స్పందించకపోవచ్చు. చూసినవారు మెదడు పోయిందని భావిస్తారు. కాని ఊపిరి ఆగి మెదడుకు దెబ్బ తగలకుండా ఉండి, మత్తుమందు ప్రభావం లేకపోతే రోగికి తెలివి ఉండవచ్చు. మాట వినిపిస్తుంది, సూది నొప్పి తెలుస్తుంది. అందువల్లనే మంచి నర్సు ప్రతి పనినీ ముందుగా చెప్పి చేస్తుంది. పడక పక్కన నిరాశ మాటలు మాట్లాడనివ్వదు.

సరిహద్దు గ్రామాలకు ఇక్కడ మరొక చిక్కు ఉంది. బరంపురంలో నర్సు మాట ఒడియా, కృష్ణగిరిలో తమిళం, బళ్ళారిలో కన్నడం కావచ్చు. ఇంట్లో తెలుగే మాట్లాడే వృద్ధురాలికి ఆ మాటలు వినిపించినా అర్థం కాకపోవచ్చు. అక్కడి లిపి తెలిసిన కుటుంబ సభ్యులు నాలుగు తెలుగు వాక్యాలను ఆ లిపిలో వ్రాసి, అర్థం కూడా చేర్చి నర్సుకు ఇవ్వవచ్చు: “భయపడవద్దు, ఊపిరి కోసం గొట్టం వేశాము.” “కఫం తీస్తున్నాము.” “పక్కకు తిప్పుతున్నాము.” “నొప్పిగా ఉంటే వేలు కదపండి.” కదలిక తిరిగి వచ్చేటప్పుడు ఆ చివరి వాక్యం చాలా ఉపకరిస్తుంది.

కుటుంబం చేయవలసినవి

• కాటు అనుమానం రాగానే 108కి ఫోన్ చేయాలి. కట్టు బిగించడం, గాటు కోయడం, నాటుమందు పోయడం కూడదు.
• లక్షణాలు మొదలైన వేళ, రోగి వాడుతున్న మందులు, పడని మందులు నర్సుకు చెప్పాలి.
• చేతులు కడుక్కొని లోపలికి వెళ్ళాలి. నోటిలో నీరు, పాలు పోయరాదు.
• రోగిని పేరుతోనో వరుసతోనో పిలిచి, ఇంటి క్షేమం చెప్పాలి.
• “కండరాలు మాత్రమే పడిపోయాయా, మెదడుకు కూడా దెబ్బ తగిలిందా?” అని వైద్యుని స్పష్టంగా అడగాలి. సమాధానం తెలియకుండా రోగిని ఇంటికి తీసుకుపోయే నిర్ణయం చేయరాదు.

కండరాలలో బలం తిరిగి రావడం మొదట అతి స్వల్పంగా, రెప్పలోనో వేలిలోనో కనిపించవచ్చు. ఆ చిన్న కదలికను ముందుగా గుర్తించేది చాలాసార్లు పక్కనున్న నర్సే. అంతవరకు ఓపిక పట్టడం కూడా చికిత్సలో భాగమే.