బిడ్డ పుట్టే గడియ

ఒక రాత్రి మూడు గంటల వేళ మా సంఘంలోని ఒక పెద్దమ్మ మా యింటి తలుపు తట్టింది. "అయ్యగారూ, మా పిల్లకు నొప్పులొచ్చినాయి. అల్లుడు వేటకు పోయుండాడు. ఎవరి ఆటో అయినా చూడండయ్యా" అన్నది. నెల్లూరు తీరంలోని మత్స్యకారుల పల్లెల్లో సేవ చేసే కాపరులకు ఇటువంటి పిలుపు క్రొత్త కాదు. ఆటో దొరికింది. తెల్లవారక మునుపే ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టింది. తిరిగి వచ్చేటప్పుడు ఆ పెద్దమ్మ, "సముద్రం పోటు మీదుండాది గదయ్యా, అందుకే బిడ్డ ఆగలేదు" అన్నది.

ఆ మాట నన్ను ఆలోచింపజేసింది. బిడ్డలు పుట్టే వేళకు నిజంగా ఒక క్రమం ఉన్నదా? తెలుసుకొన్న సంగతులు మీ ముందుంచుచున్నాను.

ప్రియ చదువరులారా, ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 13 కోట్ల మంది శిశువులు పుట్టుచున్నారు. అనగా దినమునకు దాదాపు 3,60,000 మంది, నిమిషానికి 250 మంది. మీరు ఒక్కసారి ఊపిరి తీసి విడిచేలోగా పదిమందికి పైగా పుట్టుచున్నారు. అందులో మన దేశపు బిడ్డలు దాదాపు ఆరింట ఒక వంతు. 2022 నవంబరు 15న లోక జనాభా 800 కోట్లకు చేరినట్లు ఐక్యరాజ్యసమితి ప్రకటించింది.

ఇక పోటు మాట చూద్దాం. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దదని మన గంగపుత్రులందరికీ తెలుసు. బిడ్డను తెచ్చేది పోటే అయితే ఆ దినాలలో కాన్పులు ఎక్కువ కావాలి గదా? అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో 1997 మొదలు 2001 వరకు, 62 చాంద్రమాసాలలో జరిగిన 5,64,039 జననాలను వైద్యులు లెక్కించి చూశారు. పౌర్ణమికీ అమావాస్యకూ కాన్పులు పెరగనూ లేదు, తగ్గనూ లేదు.

అయితే ఆ పెద్దమ్మ తలుపు తట్టిన వేళ మాత్రం వింతది కాదు. ఇంగ్లాండు దేశంలో 2005 నుండి 2014 వరకు జరిగిన 50 లక్షలకు పైగా కాన్పులను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. నొప్పులు వాటంతట అవే వచ్చి సహజంగా జరిగే కాన్పులు రాత్రి ఒంటిగంట మొదలు ఉదయం ఏడు గంటల లోపు ఎక్కువ. నాలుగు గంటల ప్రాంతంలో మరీ ఎక్కువ. మధ్యాహ్నం దాటిన వేళ తక్కువ. చీకటి పడ్డాక శరీరంలో మెలటోనిన్ అనే రసం పెరిగి, నొప్పులు తెచ్చే రసంతో కలిసి గర్భసంచిని పనిచేయిస్తుందని పరిశోధకులు చెప్పుచున్నారు. పొద్దుగూకాక అందరూ ఇల్లు చేరి, తల్లికి తోడుగా ఉండే వేళ అది. బేత్లెహేము వార్త కూడా రాత్రివేళ మంద కాచుకొనుచున్న కాపరులకే గదా మొదట అందినది!

అదే లెక్కలో మరొక సంగతి ఉన్నది. ముందుగా నిర్ణయించిన ఆపరేషన్లు మాత్రం పని దినాలలో ఉదయం పూట గుమిగూడుచున్నవి. సెలవు దినాలలో, ముఖ్యంగా క్రిస్మస్ నాడు, అక్కడ కాన్పులు తక్కువ. అంటే బిడ్డ గడియను మనిషి మార్చుచున్నాడన్నమాట. మన రాష్ట్రం సంగతేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగినవి. దేశం మొత్తం మీద అది నూటికి 21 మాత్రమే.

ఆపరేషన్ పాపము కాదు. ఎందరో తల్లుల ప్రాణం, బిడ్డల ప్రాణం దాని వలన నిలిచినవి. ముహూర్తం కొరకు కోయించుకొనుటను గురించే నా భారం. ఇరుగుపొరుగువారు పంచాంగం చూపించుకొంటే మనం విమర్శిస్తాం. కాని మా సంఘంలోనే ఒక కుటుంబం, బిడ్డ క్రిస్మస్ నాడే పుట్టాలని రెండు వారాలు ముందుగా ఆపరేషన్ చేయమని డాక్టరమ్మను అడిగింది. ఆమె, "39 వారాలు నిండకుండా తీస్తే బిడ్డకు ఊపిరి కష్టం కావచ్చు. అవసరం లేనిదే నేను చేయను" అని చెప్పి పంపివేసింది. జనవరిలో ఒక తెల్లవారుజామున, కత్తి అవసరం లేకుండానే ఆ బాబు పుట్టాడు. పంచాంగం పేరు మార్చి క్యాలెండరు అన్నంత మాత్రాన అది విశ్వాసం అవుతుందా?

డాక్టరమ్మ ఇచ్చే డేటు కూడా అంచనాయే. ఆ తేదీన సరిగ్గా పుట్టేవారు నూటికి నలుగురైదుగురే. కాబట్టి గడియను ఎంచుకొనుట కాదు, గడియకు సిద్ధపడుట మన పని. వేళ ఎక్కువగా రాత్రియే గనుక నెలలు నిండిన స్త్రీ ఉన్న ప్రతి యింట ఈ ఏర్పాట్లు ఉండాలి: ఏ ఆసుపత్రికి పోవాలో ముందే తెలిసి ఉండాలి. బట్టల సంచి, ఆసుపత్రి కాగితాలు ఒకచోట ఉండాలి. రక్తపు గ్రూపు తెలిసి ఉండాలి. రక్తమివ్వగల వారితో ముందే మాట్లాడుకోవాలి. 2005 నుండి నడుచుచున్న 108 అంబులెన్సు ఉచితం. అది రావడం ఆలస్యమైతే ఎవరి ఆటో వస్తుందో మాట్లాడి ఉంచాలి. ఆశా కార్యకర్త ఫోను నంబరు గోడ మీద వ్రాసి ఉంచాలి. పులికాట్ సరస్సులోని ఇరకం దీవివంటి చోట పడవ దాటవలసినవారు నొప్పుల కొరకు కాచుకొనక, డేటుకు ముందే గట్టున బంధువుల యింట చేరుట మేలు. భర్త వేటకు పోయేవాడైతే ఆ దినాలలో తోడెవరో ముందే చెప్పి పోవాలి. యౌవనస్థులారా, రాత్రి పిలిస్తే లేచేవారి పేర్లు మన సంఘంలో ఒక చీటీ మీద ఉన్నవా?

పుట్టిన తరువాత ఒక పని మరువరాదు. 21 దినాలలోగా జననం నమోదు చేయించండి. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డకు బడిలో చేరుటకు, పుట్టిన తేదీ రుజువుకు ఆ పత్రమే ఆధారం. నమోదైతేనే మన బిడ్డ దేశపు లెక్కలో ఉన్నట్టు.

ఒక దినములో 3,60,000 మంది. అంకె చూస్తే ఒక్కరి విలువ తగ్గినట్టు తోచును. కాని ఆ తెల్లవారుజామున ఆసుపత్రి వరండాలో మనుమరాలిని చేతికందుకొన్న పెద్దమ్మకు ఆ ఒక్క బిడ్డే లోకమంత. ఈ రాత్రి మీ వీధిలో ఎవరైనా తలుపు తట్టవచ్చు. త్వరగా లేవండి.