గట్టిదనము – సాగుదనము

రాగితీగను ఎఱ్ఱగా కాల్చి చల్లార్చినచో సులభముగా వంగును. ఒకే చోట పలుమార్లు వంచినచో బిగిసి, తుదకు విఱుగును. లోహము గట్టిపడినకొలదిని సాగుదనము పోవుచుండుట ఇంజనీర్లకు చిరకాలపు చిక్కు. వంతెనకు రెండును కావలెను: బరువునకు లొంగరాదు, లొంగక తప్పనప్పుడు పగులక ముందు సాగి హెచ్చరింపవలెను.

పెద్ద జంపఖానాను మొత్తముగా లాగుట కష్టము. ఒక అంచున ముడుత చేసి ఆవలి అంచునకు నెట్టినచో అది సులువుగా జరుగును. లోహస్ఫటికములలో పరమాణువుల వరుసల మధ్య ఇట్టి ముడుతలే గలవు, వీనిని స్థానభ్రంశములందురు. ఇవి కదలినచో లోహము సాగును, అడ్డగించినచో గట్టిపడును. అన్నింటిని ముందే అడ్డగించినచో లోహమునకు పగులుటయే గతి. కావున అడ్డుగోడలు సాగుచున్నప్పుడే, అవసరమైన చోటనే పుట్టవలెను.

క్రోమియము, మాంగనీసు, ఇనుము, కోబాల్టు, నికెలు – ఈ ఐదింటిని పరమాణువుల లెక్కన సమపాళ్ళలో కలిపిన మిశ్రమలోహమును గూర్చి 2004లో ప్రకటన వెలువడినది. 2014లో అమెరికాలో దీనిని ద్రవనత్రజనిలో, −196 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద, సాగదీసి చూచిరి. మామూలు ఉక్కు అంత చలిలో పెళుసగును. ఇది బలమును పెంచుకొనుటయే గాక, విచిత్రముగా, గదిలోకంటె ఎక్కువ సాగినది! ఆ చలిలో లాగినప్పుడు స్ఫటికపు సన్నని పొరలు అద్దములోని ప్రతిబింబమువలె తిరుగబడి "కవలలు" ఏర్పడును. ప్రతి కవల అంచును ముడుతలకు క్రొత్త అడ్డు. సన్నబడబోయిన చోటు తానే గట్టిపడుటచే సాగుడు ప్రక్కకు మరలును.

అయితే కోబాల్టు ప్రియమైన లోహము. అదృష్టవశాత్తు 1882లో హాడ్‌ఫీల్డ్ ఇంగ్లండులో చేసిన మాంగనీసు ఉక్కులోను ఈ కవలలు పుట్టును. రైలుపట్టాల కూడళ్ళలో చక్రముల దెబ్బలు తినుకొలదిని దాని పైభాగము గట్టిపడుటకు ఇదియొక కారణము.