కానుక వెయ్యి, అప్పు లక్ష

మన తెలుగువారు ఏ ప్రాంతానికి వలస వెళ్ళినా వెంట తీసుకువెళ్ళిన అలవాట్లలో చీటీలు వేసుకోవడం ఒకటి. బెంగుళూరు, చెన్నై ప్రాంతాల్లో చీటీ అంటే, మా సోలాపూరులో మరాఠీవారితో కలిసి భిశీ అంటాము. పేరేదైనా పద్ధతి ఒకటే. తెలిసినవాళ్ళు పదిమంది కూడి నెలనెలా కొంత సొమ్ము వేస్తారు, అవసరం ఉన్నవారు ముందుగా ఎత్తుకుంటారు. తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాల్లో ఎన్నో పెళ్ళిళ్ళు భిశీ డబ్బుతోనే జరిగాయి.

ఇప్పుడు ఆ పనికి సెల్‌ఫోన్ వచ్చింది. దీన్ని పీర్ టు పీర్ లెండింగ్ అంటున్నారు. అంటే బ్యాంకు ప్రమేయం లేకుండా ఒక మనిషి మరొక మనిషికి అప్పివ్వడం. మధ్యనున్న కంపెనీ ఇద్దరినీ కలిపి తన రుసుము తీసుకుంటుంది. ఇచ్చేవారికి పుచ్చుకునేవారి ముఖం కూడా తెలియదు. పైగా "ఈరోజే చేరండి, వెయ్యి రూపాయల క్యాష్‌బ్యాక్ పొందండి" అని పిలుపు ఒకటి.

ఈ సంగతి నా దాకా రావడానికి కారణం మా వదిన. ఆమె బడిపంతులమ్మగా పదవీ విరమణ చేసినప్పుడు చేతికి 6 లక్షలు వచ్చాయి. రెండేళ్ళలో కూతురి పెళ్ళి తలపెట్టుకున్నారు. కొడుకు ఫోన్ తెచ్చి చూపించాడు. "కాకా, బ్యాంకు ఇచ్చేదానికంటే ఎంత ఎక్కువో చూడు. ఇక్కడ 12 శాతం. అమ్మ చేరితే వెయ్యి, చేర్పించినందుకు నాకు 500." వదిన మాత్రం, "నువ్వు ముప్పై ఏళ్ళు బ్యాంకులో లెక్కలు రాసినవాడివి, నువ్వే చూసి చెప్పు" అన్నారు. అప్పుడు నేను చూసిన లెక్కే మన పాఠకుల ముందు పెడుతున్నాను.

ముందుగా 12 శాతం సంగతి. మన ఇళ్ళలో వాడుక లెక్క ప్రకారం అది నూటికి నెలకు రూపాయి వడ్డీ. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో పరపతి ఉన్నవాడు తక్కువ వడ్డీకి బ్యాంకులోనే తీసుకుంటాడు. ఎక్కువ వడ్డీకి ఒప్పుకుని ఫోన్‌లో ముక్కూ ముఖం తెలియనివారిని అడిగేవారిలో బ్యాంకు తలుపు మూసుకుపోయినవారు కొందరైనా ఉంటారు. వారందరూ చెడ్డవారని కాదు. ఒక నెల జీతం ఆగినా వాయిదా కట్టలేని స్థితిలో ఉంటారని మాత్రమే నా భావన. ఈ అప్పులకు తాకట్టు ఉండదు, బంగారం ఉండదు, జామీనుదారు సంతకం ఉండదు.

లక్ష రూపాయలను 20 మందికి తలా 5,000 చొప్పున ఏడాదికి ఇచ్చామనుకుందాం. అందరూ ఏడాది చివర కడితే 1,12,000 వస్తుంది. ఒకరు పూర్తిగా ఎగవేస్తే 1,06,400. ఇద్దరు ఎగవేస్తే 1,00,800, అంటే ఏడాదికి మిగిలింది 800 రూపాయలు. ముగ్గురైతే 95,200. అసలులోనే 4,800 పోయింది. కంపెనీ రుసుము ఇంకా ఇందులో కలపలేదు. వచ్చిన వడ్డీకి ఆదాయపు పన్ను లెక్క వేరే ఉంటుంది. ఇప్పుడు ఆ వెయ్యి రూపాయల కానుకను ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. ఒక్క మనిషి ఎగవేతలో అది ఐదో వంతుకు కూడా సరిపోదు. పైగా కానుక ఒక్కసారే వస్తుంది. ఇంత సొమ్ము పెట్టాలి, ఇన్నాళ్ళు తీయకూడదు అన్న షరతులు ఉంటే అవి చిన్న అక్షరాల్లో ఉంటాయి.

ప్రభుత్వం దీన్ని పట్టించుకోలేదని అనలేము. రిజర్వు బ్యాంకు 2017 అక్టోబరులో ఈ కంపెనీలకు నిబంధనలు విధించింది. రిజర్వు బ్యాంకు వద్ద నమోదు కాకుండా ఈ వ్యాపారం చేయరాదు. ఒకరు మరొకరికి 50,000 రూపాయలకు మించి ఇవ్వరాదు. అప్పు గడువు 36 నెలలు దాటరాదు. ఒక మనిషి మొత్తం మీద ఇవ్వగల పరిమితిని 2019లో 10 లక్షల నుంచి 50 లక్షలకు పెంచారు. అయితే 10 లక్షలు దాటితే ఆస్తి విలువపై చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం కావాలి.

కొన్ని కంపెనీలు దీన్ని డిపాజిట్ మాదిరిగా, ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చన్నట్టు ప్రచారం చేయడంతో, రిజర్వు బ్యాంకు 2024 ఆగస్టులో నిబంధనలను బిగించింది. ఇంత రాబడి ఖాయమని చెప్పరాదు. నష్టం వస్తే అసలైనా, వడ్డీ అయినా పూర్తిగా అప్పిచ్చినవారిదే. బ్యాంకు డిపాజిట్‌కు 2020 నుంచి 5 లక్షల వరకు బీమా ఉంది. ఈ అప్పులకు ఆ బీమా లేదు. కంపెనీ నమోదైనదన్నంత మాత్రాన మన డబ్బుకు రిజర్వు బ్యాంకు పూచీ పడ్డట్టు కాదు.

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది ఆ 500 రూపాయలు. మన పాత భిశీలో కొత్త మనిషిని తెచ్చినవాడే వారికి హామీ. వాడు కట్టకపోతే తెచ్చినవాడి గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. అందుకే ఎవరిని తేవాలో నాలుగుసార్లు ఆలోచించేవారు. ఇక్కడ చేర్పించినవాడికి కానుక ఉంది, బాధ్యత లేదు. డబ్బు పోతే కంపెనీని అడిగేవారు తక్కువ. "నువ్వు చెప్తేనే కదా చేరాను" అని అక్కనో, బావనో అడుగుతారు. పరాయి రాష్ట్రంలో మనకు ఉన్న బలం నలుగురు చుట్టాలూ, సంఘమూ. 500 రూపాయలకు ఆ నమ్మకాన్ని పణంగా పెట్టవచ్చునా?

మా వదినతో పెళ్ళి సొమ్మును అటు పంపవద్దన్నాను. రెండేళ్ళలో తప్పక కావలసిన డబ్బు పోయినా, ఆలస్యమైనా తట్టుకోలేము. ఆమె దాన్ని రెండు బ్యాంకుల్లో 3 లక్షల చొప్పున వేశారు. మావాడికి ఉత్సాహం తగ్గలేదు. సొంత జీతంలోంచి 10,000 పెట్టి, పలువురికి చిన్న మొత్తాలుగా ఇచ్చాడు. నేను కాదనలేదు. పోతే నేర్చుకుంటాడు, వస్తే సంతోషం.

మీ ఇంట్లోనూ ఇలాంటి ప్రశ్న వస్తే మూడు పనులు చేయండి. కంపెనీ పేరు రిజర్వు బ్యాంకు జాబితాలో ఉందో లేదో చూడండి. ఎగవేతల వివరాలు కంపెనీ తానే ప్రకటించాలి, వాటిని చదవండి. కానుకను లెక్కలోంచి తీసేసి, అప్పుడు కూడా ఇవ్వాలనిపిస్తే, పోయినా ఇల్లు గడిచేంత సొమ్మే ఇవ్వండి. వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వచ్చిన లింకును మాత్రం తాకవద్దు. ఆధార్, పాన్ వివరాలు ఒకసారి పరాయి చేతుల్లో పడ్డాక వెనక్కి తీసుకోలేము.